ఎఫ్4 తర్వాతి సందు

రాత్రి పదకొండు గంటలప్పుడు క్యాష్ పెట్టెలో 9,700 రూపాయలు తక్కువ తేలాయి.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అది. నేను ఉండేది తిరుపతిలో. ఏడాదంతా నాలుగైదు చిన్న వ్యాపారాల లెక్కలు రాసుకుంటూ, జీఎస్టీ రిటర్నులు వేసుకుంటూ కాలం గడుపుతాను. తోతాపురి కోతలు మొదలయ్యాయంటే మాత్రం నా రాత్రులు ఆ ఫ్యాక్టరీ వాళ్లవే. 2025 సీజను సంగతి ఈ జిల్లాల వాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేల్చిన ఏడాది. గేటు బయట కనుచూపు మేర ట్రాక్టర్లు, వాటి కింద తువ్వాలు పరుచుకుని పడుకున్న రైతులు, గాలి నిండా మగ్గిన కాయ వాసన. బండి కాటా ఎక్కుతుంది, దిగుతుంది, చీటీ వస్తుంది. ఆ చీటీ నా బల్ల మీదికి వస్తుంది. నేను దాన్ని టాలీ అనే లెక్కల ప్రోగ్రామ్‌లోకి ఎక్కిస్తాను. రాత్రికి రెండు మూడు వందల చీటీలు.

క్యాషియర్ కుర్రాడికి ఇరవై రెండేళ్లు ఉంటాయి, అదే మొదటి ఉద్యోగం. డబ్బు మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ అంతే. యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఆ గదిలో పెద్ద మాటైంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

లెక్కలు రాసేవాళ్లకు రెండు పాత చిట్కాలు ఉన్నాయి. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అనుమానించాలి. 54కు బదులు 45 రాసినట్టు. అలా భాగింపబడకపోతే తేడాను సగం చేసి, ఆ మొత్తం కోసం వెతకాలి. ఇవ్వాల్సింది తీసుకున్నట్టు, తీసుకోవాల్సింది ఇచ్చినట్టు రాసి ఉండవచ్చు. 9,700 తొమ్మిదితో పోలేదు. సగం చేశాను: 4,850. డే బుక్ తెరిచి కిందికి జరుపుతూ పోయాను. సాయంత్రం ఏడు దాటాక దొరికింది. ట్రాక్టరు బాడుగ, 4,850. మేము ఆ ట్రాక్టరు ఆయనకు ఇచ్చిన డబ్బు. పుస్తకంలో మాత్రం ఆయనే మాకు ఇచ్చినట్టు ఉంది. పేమెంట్ కావాల్సింది రిసీట్ అయింది. పెట్టెలోంచి 4,850 పోయింది, పుస్తకంలోకి 4,850 వచ్చింది, తేడా రెండింతలు.

ఆ పద్దు ఎక్కించింది కుర్రాడు కాదు. నేను. పాతికేళ్లకు పైగా టాలీ మీద బతుకుతున్న నేను.

ఎలా జరిగిందో అప్పుడే అర్థమైంది, ఎందుకంటే నా ముందున్నది ఆ వారమే చేతికి వచ్చిన ల్యాప్‌టాప్. బెంగళూరులో ఉండే మా మేనల్లుడు కొత్తది కొనుక్కుని పాతది నాకు ఇచ్చాడు. మంచి యంత్రం. వేగం ఉంది, తేలికగా ఉంది. కంపెనీ పేరు చెప్పను, అసలు తగాదా కంపెనీతో కాదు. దాని కీబోర్డు పైవరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండాల్సిన మీటలు లేవు. వాటి చోట నున్నని గాజు పట్టీ. ఆ పట్టీ మీద అంకెలు వెలుగుతాయి. ఎఫ్ఎన్ అనే మీట నొక్కితే ఆ అంకెలు మాయమై శబ్దం, వెలుతురు బొమ్మలు వస్తాయి. చూడటానికి దీపాల వరుసలా ముచ్చటగా ఉంటుంది.

టాలీ తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. 1986లో మొదలైన ఈ దేశపు కంపెనీ చేసిన లెక్కల ప్రోగ్రామ్ అది, మౌసు ముట్టకుండా రోజంతా నడపగలిగేటట్టు చేశారు. ఒక్కో రకం పద్దుకు ఒక్కో మీట: ఎఫ్4 అంటే కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా ఏ కొట్టులో గుమాస్తాను నిద్రలేపి అడిగినా ఈ వరుస తడుముకోకుండా చెబుతాడు. పేమెంట్ తెర, రిసీట్ తెర కవల పిల్లలు. పైన ఖాతా, కింద మనిషి పేరు, పక్కన మొత్తం. ఎడమ మూలన ఉండే చిన్న పేరు ఒక్కటే తేడా. ఎఫ్5కు బదులు ఎఫ్6 పడితే ఏ గంటా మోగదు, ఏ ఎర్రదీపమూ వెలగదు. రాసుకుంటూ పోతాం.

"చూసి నొక్కి ఉండాల్సింది మామయ్యా" అన్నాడు మేనల్లుడు, ఫోనులో ఈ కథంతా విని. నిజమే. చూసి ఉంటే ఈ తప్పు జరగదు. కానీ నా కళ్లు చీటీ మీద ఉన్నాయి. కాటా దగ్గర తడిచేతులతో పట్టుకొచ్చిన చీటీ, దాని మీద సగం చెరిగిన పెన్ను రాత, 1 ఏదో 7 ఏదో తేల్చుకోవాలి. నా దగ్గర ఉన్న కళ్లు రెండే. అవి ముందే పనిలో ఉన్నాయి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది దాదాపు ఇంతే. మిగతాదంతా ఈ మాట మీద నాకున్న మొండితనం.

1993లో చిత్తూరులో టైపు నేర్చుకున్నాను. మేడ మీద గది, వరసగా మిషన్లు, గంటకొక బ్యాచి. వీధిలోకి వచ్చేసరికి చెవుల్లో ఇంకా వడగళ్ల చప్పుడు. మా మాస్టారు మొదటి వారం మీటలు చూడనిచ్చారు. రెండో వారం నుంచి చేతుల మీద తువ్వాలు కప్పారు. నేను తువ్వాలు అంచు ఎత్తి దొంగచూపు చూస్తే స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. "ఏమిట్రా చూస్తావు? మీటలేమైనా పారిపోతాయా? ఎక్కడివి అక్కడే ఉంటాయి. నువ్వు కాగితం చూడు."

టైపు పరీక్షలు లోయరు, హయ్యరు రెండూ పాసయ్యాను. మాస్టారి మాట ఇన్నేళ్లూ నిలబడింది. మిషను పోయి కంప్యూటర్ వచ్చింది, డాస్ పోయి విండోస్ వచ్చింది, మీటలు మాత్రం పారిపోలేదు. ఈ గాజు పట్టీ మీద మొదటిసారి పారిపోయాయి. ఎఫ్ఎన్ ముట్టుకుంటే చాలు, పేమెంట్ ఉన్నచోటికి ఏదో వెలుతురు బొమ్మ వస్తుంది.

వేలికి చోటు గుర్తుంటుందనడానికి తెలుగు టైపింగ్ కన్నా మంచి సాక్ష్యం లేదు. ఈ వ్యాసం ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో కొడుతున్నాను. నా కీబోర్డు మీద ఒక్క తెలుగు అక్షరం కూడా ముద్రించి లేదు. మన ఊళ్లలో అమ్మే వాటిలో నూటికి తొంభై తొమ్మిదింటి మీద ఉండదు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఏ కీబోర్డైనా తడిమి చూడండి, ఎఫ్ అక్షరం మీద, జె అక్షరం మీద చిన్న బొడిపెలు ఉంటాయి, చూపుడు వేళ్లు ఇల్లు చేరుకోవడానికి. ఇన్‌స్క్రిప్ట్‌లో జె కింద ఉన్నది 'ర'. ఎఫ్ కింద ఉన్నది గుడి. కుడి బొడిపె, ఎడమ బొడిపె: 'రి'. కరెంటు పోయి చీకట్లో కూర్చున్నా ఈ అక్షరం కొట్టగలను. మీట మీద పేరు లేకపోయినా ఫరవాలేదు, చోటు ఉంటే చాలు. గాజు పట్టీ చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. పేరు ఇచ్చింది, దీపం పెట్టి మరీ ఇచ్చింది, చోటు తీసేసుకుంది.

పాత డెస్క్‌టాప్ కీబోర్డు పైవరుసను ఎప్పుడైనా గమనించారా? పన్నెండు మీటలూ ఒకే బారుగా ఉండవు. నాలుగు మీటలు, సందు, నాలుగు మీటలు, సందు, నాలుగు మీటలు. మొదటి ఐబీఎం పీసీ 1981లో వచ్చినప్పుడు ఎఫ్ కీలు పదే, అవీ ఎడమ పక్కన రెండు నిలువు వరుసల్లో ఉండేవి. 1980ల మధ్యలో వచ్చిన 101 మీటల కీబోర్డుతో అవి పన్నెండై, పైకెక్కి, ఇలా నాలుగేసి జట్లుగా స్థిరపడ్డాయి. ఆ సందుల విలువ ఎంతో ఆ రాత్రి తెలిసింది. ఎఫ్5 రెండో జట్టులో మొదటిది. ఎఫ్9 మూడో జట్టులో మొదటిది. సందు దాటగానే పేమెంట్. ఇంకో సందు దాటగానే పర్చేజ్. మామిడి సీజనులో ఎక్కువగా నొక్కేవి ఈ రెండే. కాయ కొన్నాం, డబ్బు ఇచ్చాం.

తిరుపతిలో ఎవరికైనా ఇంటి గుర్తు చెప్పాలంటే డోరు నంబరు చెబుతామా? గంగమ్మ గుడి దాటాక సందు, సందు మొదట్లో టీ కొట్టు, దాని పక్క ఇల్లు అంటాం. నా వేలు పాతికేళ్లుగా ఎఫ్5 ఇంటికి అలాగే వెళుతోంది. గాజు పట్టీ మీద ఊరంతా చదును చేసి, ఇళ్లకు నంబర్లు అంటించారు.

నిజం ఒప్పుకోవాలి. మామూలు ల్యాప్‌టాప్‌లలో కూడా ఈ సందులు ఎప్పుడో కుదించుకుపోయాయి. పైగా చాలావాటిలో ఎఫ్5 నొక్కితే శబ్దమో వెలుతురో మారుతుంది, అసలు ఎఫ్5 కావాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్ కొన్న ప్రతి గుమాస్తా మొదట చేసే పని ఆ ఏర్పాటును తిరగేయడం. కొన్నిటిలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలు. ఎఫ్ కీల మీద దాడి గాజుతో మొదలవలేదు. గాజుతో ముదిరింది. మీట చిన్నదైనా దానికి అంచు ఉంటుంది. రెండు మీటల మధ్య గోరు దూరేంత పల్లం ఉంటుంది. ఆ పల్లం చాలు నాకు.

మా అమ్మకు ఇది చెప్పబోయాను. "కొత్త కంప్యూటర్‌లో ఫంక్షన్ కీలు తీసేశారమ్మా" అన్నాను. "ఏ ఫంక్షన్ హాలువి నాయనా? ఇప్పుడు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?" అంది. ఆమె అడిగింది సరైన ప్రశ్నే అనిపిస్తుంది, ఆలోచించిన కొద్దీ.

ఈ పట్టీల చరిత్ర చిన్నదే. 2014లో లెనోవో తన ఎక్స్1 కార్బన్‌లో ఎఫ్ కీల చోట సందర్భాన్ని బట్టి మారే పట్టీ పెట్టింది. మరుసటి ఏడాది మోడల్‌లో మీటలు తిరిగొచ్చాయి. అది చూసి కూడా 2016 అక్టోబరులో ఆపిల్ మ్యాక్‌బుక్ ప్రో మీద టచ్ బార్ తెచ్చింది. 2170 పిక్సెళ్ల పొడవు, 60 పిక్సెళ్ల వెడల్పు ఉన్న తెర, కీబోర్డు నెత్తి మీద సన్నని నది పాయలా. ఏ ప్రోగ్రామ్ తెరిస్తే దానికి తగిన బొత్తాలు చూపిస్తుంది. కాసేపు ముట్టకపోతే మసకబారి ఆరిపోతుంది. ఎస్కేప్ మీటను కూడా తెరలోకి లాగేశారు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఎస్కేప్ అంటే మనకు ఎఫ్5 లాంటిది, రోజుకు వందలసార్లు చూడకుండా నొక్కేది. గగ్గోలు పుట్టింది. 2019లో 16 అంగుళాల మోడల్‌తో ఎస్కేప్ ఒక్కటీ మీటగా తిరిగొచ్చింది. 2021 అక్టోబరులో వచ్చిన 14, 16 అంగుళాల మోడళ్లలో పట్టీ పూర్తిగా పోయి, నిండు ఎత్తున్న ఎఫ్ కీలు వచ్చాయి. 13 అంగుళాల మోడల్ ఒక్కటి పట్టీతో 2023 దాకా ఈడ్చుకొచ్చింది.

ఆపిల్ తీసేసిన మూడు నెలలకే, 2022 జనవరిలో, డెల్ తన ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో ఎఫ్ కీలను తాకే పట్టీగా మార్చింది. పక్కింటివాడు గోతిలోంచి పైకి ఎక్కుతుంటే చేయి ఇవ్వడం మానేసి తాను దిగినట్టు.

ఇంకా వెనక్కి వెళితే మరీ తమాషాగా ఉంటుంది. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటాష్ కీబోర్డు మీద ఎఫ్ కీలు లేవు, బాణం గుర్తుల మీటలు కూడా లేవు. మౌసు అలవాటు కావాలంటే పాత దారి మూసేయాలని వాళ్ల ఆలోచన. మూడేళ్లకు, 1987లో, అదే కంపెనీ అమ్మిన పెద్ద కీబోర్డు మీద బాణాలూ ఉన్నాయి, ఎఫ్ కీలు పదిహేనూ ఉన్నాయి. తీసేయడం, తిరిగి పెట్టడం వాళ్లకు కొత్త కాదు. మధ్యలో కొన్నవాళ్లు పడ్డ పాటు ఎవరి పద్దులోకి వెళుతుందో నాకు తెలియదు. నా లెక్కల్లో దానికి ఖాతా లేదు.

మేనల్లుడి వాదన వినకుండా తీర్పు చెప్పడం అన్యాయం. వాడు ఉద్యోగంతో పాటు పెళ్లి వీడియోలు కూర్చుతాడు. తిరుమలలో పెళ్లి, తిరుపతిలో విందు; రెండు రోజుల వీడియోను పావుగంటకు తేవాలి. తన చేతిలో ఇప్పుడు మరో పట్టీ ఉన్న యంత్రం ఉంది. మొత్తం వీడియో ఆ పట్టీ మీద సన్నగా పరుచుకుంటుందట, వేలు పెట్టి జరిపితే ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఒక్క ఊపులో వెళ్లవచ్చట. చేసి చూపించాడు. బాగుంది, కాదనను. శబ్దం, వెలుతురు, వీడియోలో ముందుకూ వెనక్కూ వెళ్లడం, ఇవన్నీ కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ అనే పనులు. నీళ్ల పంపు తిప్పినట్టు చేయాల్సినవి. వాటికి జారే పట్టీ మీటకన్నా నయం.

"నీ ఎఫ్5 మీద పేమెంట్ అని రాసి ఉందా మామయ్యా? కొత్తగా చేరినవాడికి ఎలా తెలుస్తుంది? పట్టీ అయితే రాసి చూపిస్తుంది" అన్నాడు. ఇది నన్ను కాసేపు ఆపిన ప్రశ్న. ఎఫ్5 అనే పేరులో అర్థం లేదు. అది ఖాళీ కుర్చీ లాంటిది, ఎవరు కూర్చుంటే వాళ్లది. టాలీలో పేమెంట్, బ్రౌజర్‌లో పేజీని మళ్లీ తెరవడం. కొత్తవాడు తికమక పడతాడు, ఒప్పుకుంటాను. ఎన్నాళ్లు? మా క్యాషియర్ కుర్రాడికి టాలీ వరుస నోటికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పైగా టాలీ తెర అంచున ఏ మీటకు ఏ పనో రాసే ఉంటుంది. కళ్లు ఎలాగూ తెర మీద ఉన్నప్పుడు పేరు అక్కడ ఉంటే చాలదా? నాలుగు రోజుల ఇబ్బంది తీర్చడానికి పాతికేళ్ల చేతి అలవాటు అడగడం చవక బేరం కాదు.

సరే, పట్టీ మంచిదే అనుకుందాం. మీటలు తీసేయడం ఎందుకు? రెండూ పెట్టవచ్చుగా? ఆ కీబోర్డుకూ తెర మడతకూ మధ్య బొటనవేలు పట్టేంత బయలు ఉంది. మా వాడి దగ్గర దీనికి జవాబు లేదు. "డిజైను" అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పెళ్లిలో కట్టే మండపం గుర్తొస్తుంది. ఫొటోలకు బాగుంటుంది, పంతులుగారికి మాత్రం కూర్చోవడానికి చోటుండదు.

ఇప్పుడు గాజు ఎలా పనిచేస్తుందో చెప్పాలి, అసలు మెలిక అక్కడే ఉంది. ఇలాంటి పట్టీ కింద సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన ఒళ్లు విద్యుత్తును పారనిస్తుంది కాబట్టి వేలు దగ్గరికి రాగానే ఆ క్షేత్రంలో చిన్న మార్పు వస్తుంది. ఆ మార్పునే యంత్రం 'నొక్కారు' అనుకుంటుంది. బలంతో దానికి పని లేదు. మామూలు మీట దిగాలంటే యాభై, అరవై గ్రాముల బరువు పడాలి, ల్యాప్‌టాప్ మీట ఒకటిన్నర మిల్లీమీటరు అటూఇటుగా దిగి ఆగుతుంది. చాలా చిన్న దూరం. కానీ ఆ దూరంలో మూడు సంగతులు పడతాయి. వేలు మీటను వెతుక్కోవచ్చు. దొరికాక దాని మీద ఆగి ఉండవచ్చు. ఆ తర్వాత నొక్కవచ్చు. గాజు మీద ఈ మూడూ ఒకటే. వెతకడమే నొక్కడం. తడిమి చూడటానికి వీల్లేని చోట కళ్లు తప్ప దారి లేదు.

నా తప్పు కూడా అక్కడే జరిగి ఉంటుంది. చూపుడు వేలు అలవాటుగా సందు కోసం పైకి వెళ్లింది. సందు లేదు. గాజు మీద ఆగింది, కొంచెం జరిగింది. ఎఫ్5 తెర వచ్చి, కవలలాంటి ఎఫ్6 తెర దాని మీదికి వచ్చింది. నేను 4,850 అని చదువుతున్నాను.

నీళ్ల చుక్క పడితే ఇంకో కథ. నీళ్లు కూడా ఆ క్షేత్రాన్ని కదిలిస్తాయి. గుజ్జు ఫ్యాక్టరీలో తడి లేని చేయి, జిగట లేని చీటీ ఉండవు. మామిడి సొన అంటిన వేళ్లతో ఆ గాజు ముట్టుకుంటే ఒకసారి పలకదు, ఒకసారి రెండుసార్లు పలుకుతుంది. మా ఇంట్లో ఇండక్షన్ పొయ్యితోనూ ఇదే గొడవ. పాలు పొంగి బొత్తాల మీదికి పారాయంటే, కచ్చితంగా ఆపాల్సిన ఆ క్షణంలోనే అది కీచుకీచుమని అరుస్తుంది తప్ప మాట వినదు. అమ్మ పైట కొంగుతో గాజు తుడిచి, మళ్లీ ముట్టుకుని, తిట్టి, చివరికి గోడ దగ్గర స్విచ్చి కట్టేస్తుంది. గ్యాస్ పొయ్యి మరను కంటి ఆపరేషన్ అయిన వారంలో కూడా చేత్తో తడిమి, మంట చప్పుడు విని సరిచేసుకున్న మనిషి.

ట్రాక్టరు బాడుగ దగ్గర జరిగింది గనుక నవ్వుకున్నాం. సముద్రం మీద జరిగింది నవ్వే సంగతి కాదు. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు ఓడను ఢీకొంది. పదిమంది నావికులు చనిపోయారు. ఆ నౌకలో చుక్కానిని, ఇంజన్ల వేగాన్ని తాకే తెరల మీద నడిపే ఏర్పాటు ఉండేది. చుక్కాని అధికారం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మారిందని గమనించక, చుక్కాని పనిచేయడం లేదనుకున్నారు. రెండు వైపుల ఇంజన్ల వేగం తగ్గించామనుకున్నారు. తెర మీద రెండూ విడివడి ఉండటంతో ఒక వైపు మాత్రమే తగ్గింది, నౌక పక్కకు తిరిగింది. తప్పంతా తెరదేనని నేను అనను, శిక్షణ లోపం, పర్యవేక్షణ లోపం కూడా విచారణలో తేలాయి. కానీ చేత్తో పట్టుకునే రెండు లివర్లు పక్కపక్కనే ఉంటే, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు ఉన్న సంగతి అరచేతికే తెలుస్తుంది, ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. 2019లో ఆ నౌకాదళం వేగం నియంత్రించే తెరలు తీసేసి మళ్లీ లివర్లు పెడతామని ప్రకటించింది.

కార్లలోనూ గాలి తిరుగుతోంది. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి నియమాలు మార్చింది. ఇండికేటర్లు, ప్రమాద సూచిక దీపాలు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ అయిదింటికీ తెరలో కాకుండా విడిగా మీటలు ఉంటేనే పూర్తి మార్కులు. ఘాట్ రోడ్డు మలుపులో వాన పడుతున్నప్పుడు వైపర్ల కోసం తెర మీద వెతుక్కునే మనిషిని ఊహించుకుంటే ఆ నియమం ఎందుకో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇన్ని చెప్పాక మనసులో మాట ఒకటి. ఈ పట్టీలను గీసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, తెలివితక్కువ వాళ్లు అంతకన్నా కాదు. వాళ్ల బల్ల మీద కాగితం లేదు, అంతే. వాళ్ల పనంతా తెర లోపలే పుట్టి తెర లోపలే ముగుస్తుంది. కంటికి ఒక అడుగు కిందికి దిగడం వాళ్లకు పెద్ద ఖర్చు కాదు. చీటీ చూసి కొట్టేవాళ్లు, రోగి ముఖం చూస్తూ కొట్టేవాళ్లు, క్యూలో నిలబడ్డ మనిషి పేరు వింటూ కొట్టేవాళ్లు వాళ్ల లెక్కలోకి రాలేదు. అసలు కళ్లే లేకుండా కొట్టేవాళ్లు ఉన్నారు. చూపు లేనివాళ్లు వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరను చదివి వినిపిస్తుంది. దాని ఆజ్ఞల్లో కొన్ని ఇన్సర్ట్ పట్టుకుని ఎఫ్ కీలు నొక్కేవి. ఇన్సర్ట్, ఎఫ్12 కలిపి నొక్కితే టైము చెబుతుంది. నున్నని గాజు మీద ఎఫ్12 ఎక్కడుందో ముందు ఎవరు చెప్పాలి?

ఆ రాత్రి పద్దు సరిచేశాక యజమాని కుర్రాడి భుజం తట్టి టీ తెప్పించాడు. నాకు మాత్రం టీ గొంతు దిగలేదు. తప్పు నాది, చెవులు ఎర్రబడింది వాడివి. మరుసటి రోజు పట్టీ మీద ఎఫ్5 పక్కన సెలోటేపు ముక్క అంటించి చూశాను. రెండు గంటల్లో సొన తగిలి ఊడింది. మూడో రోజు గోదాములోంచి పాత కీబోర్డు ఒకటి తెచ్చి తుడిచి తగిలించుకున్నాను. సీజను అలా గట్టెక్కింది. ల్యాప్‌టాప్ ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంది. కాలేజీ పాఠాలు, సినిమాలు. పట్టీ బాగుందంటుంది. వేలితో జరిపి శబ్దం పెంచుతుంది. ఎఫ్5తో దానికి పని పడలేదు ఇంతవరకూ.

మొన్న ఏప్రిల్‌లో ఫ్యాక్టరీకి కీబోర్డులు కొనడానికి తిరుపతిలో ఒక కొట్టుకు వెళ్లాను. కొట్టాయన నాలుగు రకాలు బల్ల మీద పరిచాడు. నేను ఒక్కొక్కటీ దగ్గరికి లాక్కుని, తల పక్కకు తిప్పి, పైవరుస మీద వేలు నడిపించి పక్కన పెడుతున్నాను. ఆయన కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"కంప్యూటర్‌కు తగిలించకుండా ఏం చూస్తున్నారు సార్?"

"సందు చూస్తున్నాను."

ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. "అదా? సందు లేనిది తీసుకోండి సార్. చిన్నది, బల్ల మీద చోటు కలిసొస్తుంది. వంద రూపాయలు తక్కువ కూడా."

"సందు ఉన్నవి మూడు ఇవ్వండి" అన్నాను. బిల్లులో వంద ఎందుకు ఎక్కువైందని యజమాని అడగకపోడు. ఆ పద్దు కూడా ఎఫ్5 లోనే వేయాలి.